తేలూరు పంటు మీద సూది పరీక్ష

సోమవారం

పొద్దున్నే పంటు అడుగున చేరిన నీళ్లు తోడించాం. నిన్నటి అలలకి మా ఆసుపత్రి పంటును పక్క పంటుతో కలిపే గొలుసు ఒకటి సాగింది. మా తేలూరంతా ఇలా నీళ్ల మీద గొలుసులతో కలిపి కట్టిన పంట్లే. మా మత్తు డాక్టరు యాకూబ్ ఆ గొలుసును బిగించి వచ్చేసరికి బెంచీ మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. నాచు తోటలో పనిచేసే ఎస్తేరు, వాళ్లమ్మ సుగుణమ్మ.

ఎస్తేరుకి పంతొమ్మిదేళ్లు. నాలుగు రోజుల కిందట నాచు తాళ్లు పైకి లాగుతూ జారి, పడవ అంచు మీద బోర్లా పడిందట. దెబ్బ చిన్నదే. నొప్పి మాత్రం తగ్గలేదు. ఎడమవైపు పక్కటెముకల కింద చెయ్యి పెట్టి చూస్తే గుండ్రంగా, గట్టిగా తగిలింది. పడవ అంచు తగిలి నాలుగు రోజుల్లో పుట్టుకొచ్చే గడ్డ కాదది. ఎన్నాళ్ల నుంచో అక్కడ ఉండి ఉంటుంది.

దర్పణం కింద పడుకోబెట్టాను. తేలూరులో జ్వరమొచ్చినా, చెయ్యి విరిగినా అందరూ ముందు దాని కిందే పడుకుంటారు. ఆ మిషను ఒంటినంతా చూసి జబ్బు పేరు, దాని కోడు, చెయ్యాల్సిన వైద్యం చెబుతుంది. మేం చదివే లోపే అదంతా మెట్ట ఆసుపత్రికి పంపేస్తుంది కూడా. సముద్రం మింగగా మిగిలిన నేలను మేం మెట్ట అంటాం. ఆపరేషన్లు జరిగేది అక్కడే. పడకలు తక్కువ కాబట్టి, బాగవుతుందని కోడు చెప్పినవాళ్లకే చోటు.

తెర మీద వచ్చింది ఇది: క్లోమం తోక భాగంలో క్యాన్సర్. ముదిరింది. పక్కనున్న రక్తనాళాన్ని పట్టుకుంది. ఆపరేషన్ వద్దు. నొప్పి మందులు.

సుగుణమ్మ నా ముఖం చూసింది.

“ఏంది డాక్టరమ్మా, ఏం చెప్పింది?”

“గడ్డ ఉందమ్మా. అదేం గడ్డో ఇంకా చూడాలి.”

“మిషను చెప్పాక ఇంక చూసేదేముంది?” అంది. అడగడం మామూలుగానే అడిగింది. చేతిలో ఉన్న కొంగు మాత్రం పిడికిట్లో నలిగిపోతోంది.

వాళ్లను పంపాక ఆ బొమ్మనే మళ్లీ మళ్లీ చూశాను. ఈ పిల్ల చిక్కలేదు. కళ్లు పచ్చబడలేదు. అన్నం బాగానే తింటోంది. గడ్డ చుట్టూ తొక్కలా అంచు ఉంది. లోపల సగం గట్టిగా, సగం రక్తం నిండిన గుంటలా ఉంది. ముదిరిన క్లోమ క్యాన్సర్ ఇంత శుభ్రమైన అంచుతో ఉండటం నేనెప్పుడూ చూడలేదు. రక్తనాళాన్ని పట్టుకుందని దర్పణం అంటోంది. పెద్దదై దాన్ని పక్కకు నెట్టిందేమోనని నా అనుమానం.

వయసులో ఉన్న ఆడపిల్లల క్లోమంలో అరుదుగా వచ్చే గడ్డ ఒకటుంది. నెమ్మదిగా పెరుగుతుంది. కోసి తీసేస్తే దాదాపు అందరూ బతుకుతారు. చదువుకునే రోజుల్లో అలాంటివి కొన్ని చూశాను. అయితే ఇది అదేనని బొమ్మ చూసి చెప్పలేను. గడ్డలోంచి కాస్త ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూడాలి. దర్పణాలు వచ్చాక ఆ పని ఎవరూ చెయ్యడం లేదు.

మంగళవారం

మెట్టలో ఆపరేషన్లు చేసే భూమారెడ్డి కాలేజీలో నాకు జూనియర్. పొద్దున సిగ్నల్ దొరగ్గానే మాట్లాడాను. బొమ్మ తనూ చూశాడు.

“అక్కా, నీ అనుమానం నాకు సమజైతుంది,” అన్నాడు. “దర్పణం నేర్చుకున్నదంత ముసలోళ్ల కడుపులు జూసి. గిసొంటిది దానికి ఎక్కువ తగలలే. గని కోడ్ గట్లుంటే నేను పడక ఇయ్యలేను. నా చేతిల లేదు.”

“మరేం చేస్తే నీ చేతిలోకి వస్తుంది?”

“ముక్క దెచ్చి చూపియ్యి. మిషన్ తప్పని ఒక డాక్టర్ సంతకం వెట్టాలె, కింద రుజువుండాలె. గప్పుడు నేను కోస్త. శనివారం పడవే ఆఖరుది అక్కా. ఆ ఎన్క తుఫాన్లు. మళ్ల ఎప్పుడు నడుస్తయో ఎవలికి దెల్వదు.”

దర్పణం వద్దన్న పని చేసే డాక్టరు రోజూ ఏం చేసిందీ రాసిపెట్టాలని మెట్టవాళ్ల నియమం. అందుకే నిన్నటిది, ఇవాళ్టిది కలిపి రాస్తున్నాను.

సామాన్ల గదిలో పాత ఎండోస్కోపు దొరికింది. నోట్లోంచి కడుపులోకి దించే గొట్టం అది. దాని కొసన అల్ట్రాసౌండు కన్ను ఉంటుంది. జీర్ణకోశం గోడకు ఆనిస్తే వెనకే ఉన్న క్లోమం కనబడుతుంది. అదే గొట్టంలోంచి సన్నటి పొడుగాటి సూదిని పంపి, గోడ దాటించి గడ్డలో గుచ్చాలి. సూదులు మూడే ఉన్నాయి. కవర్ల మీద గడువు ఎప్పుడో దాటింది. ఒకదాన్ని సాధనకు తీసి, మిగతా రెండూ మళ్లీ శుద్ధి చేయించాను.

యాకూబ్ గొట్టం చుట్టలు విప్పుతూ, “మేడమ్, మీరు ఇది ముట్టుకుని ఎన్నేళ్లయింది?” అని అడిగాడు.

“లెక్కపెట్టకు,” అన్నాను.

నాచు ఉడికించి తీసిన జిగురును గిన్నెలో గడ్డ కట్టించి, మధ్యలో చేప గుడ్ల తిత్తి దాచి సాధన చేశాను. మొదట్లో చెయ్యి బాగానే ఆడింది. తర్వాత ఓ అల వచ్చి పంటును ఎత్తింది. సూది కొస తిత్తిని తప్పి అవతలికి దూసుకుపోయింది. అది గిన్నె కాబట్టి సరిపోయింది. ఎస్తేరు కడుపులో సరిగ్గా ఆ అవతలే పెద్ద రక్తనాళం ఉంది.

మళ్లీ చేశాను. మళ్లీ తప్పింది.

బుధవారం

తల్లీ కూతుళ్లను పిలిపించాను. ఉన్నదున్నట్టు చెప్పాను. దర్పణం ఏమందో, నా అనుమానమేమిటో, సూది ఎలా వెళ్తుందో. రక్తం కారవచ్చనీ, క్లోమం వాచి బాధ పెట్టవచ్చనీ, ఇంతా చేసి సరైన ముక్క రాకపోవచ్చనీ చెప్పాను.

సుగుణమ్మ ఒప్పుకోలేదు. “గడ్డను కదిపితే ఒళ్లంతా పాకుద్దంటారు. ఉన్నన్నాళ్లన్నా నెమ్మదిగా ఉండనీయండి బిడ్డని.”

“పాకే అవకాశం చాలా తక్కువమ్మా.”

“తక్కువంటన్నారు. లేదనటంలా.”

లేదని నేను అనలేను. అనలేదు.

అంతవరకూ కిటికీలోంచి నాచు తోట వైపు చూస్తున్న ఎస్తేరు ఇటు తిరిగింది. “డాక్టరుగారూ, గుచ్చకపోతే నాకు ఎంత కాలం?”

“దర్పణం మాట నిజమైతే ఏడాది లోపు. నా అనుమానం నిజమైతే గడ్డ నెమ్మదిగా పెరుగుతూ పోతుంది. ఎప్పుడో ఓ రోజు లోపల పగలొచ్చు, పాకనూ వచ్చు. ఇప్పుడు తీస్తే చాలా ఏళ్లు బతుకుతావు.”

“ఆ రెండిట్లో ఏదో తెలీకుండా నేను ఇంట్లో కూచోవాలా, మంచం మీద?” ఈ మాట వాళ్లమ్మను అడిగింది. “నాకు నిద్రెట్టా పడుద్దమ్మా?”

“నువ్వు ఊరుకో ఎస్తేరూ.”

“నేను చేయించుకుంటానండి,” అని నాకు చెప్పింది. పంతొమ్మిదేళ్ల పిల్ల, తన ఒళ్లు తనది. సంతకం తనే పెట్టింది. సుగుణమ్మ లేచి బయటికి వెళ్లిపోయింది.

అల సంగతి యాకూబ్ తేల్చాడు. ఈ పంటును ఊరి నుంచి విడదీసి, మునిగిపోయిన పాత ఫ్లైఓవర్ కిందికి లాక్కెళదామన్నాడు. స్తంభాల నడుమ నీళ్లు నిలకడగా ఉంటాయి. పంట్ల సంఘం వాళ్లు ముందు కుదరదన్నారు. తుఫాను ముందు ఊరికి ఆసుపత్రి లేకపోతే ఎలాగని అడిగారు. అడిగింది న్యాయమే. ఒక్క పూటకి ఒప్పించాను.

రాత్రి గిన్నెలో మరోసారి సాధన చేసి పడుకున్నాను.

గురువారం

ఫ్లైఓవర్ కింద నీళ్లు నల్లగా, కదలకుండా ఉన్నాయి. పంటును నాలుగు వైపులా స్తంభాలకు కట్టాం. సుగుణమ్మ కూడా వచ్చింది. గది బయట గోడకు ఆనుకుని కూర్చుంది.

యాకూబ్ మత్తు ఇచ్చాడు. ఎస్తేరును ఎడమ పక్కకు తిప్పి గొట్టం దించాను. క్లోమం దొరకడానికి చాలాసేపు పట్టింది. మొదట ప్లీహాన్ని చూసి గడ్డనుకున్నాను. తర్వాత అసలు గడ్డ వచ్చింది. దాని అంచు, లోపలి గుంటలు, పక్కనే కొట్టుకుంటున్న రక్తనాళం, అన్నీ. నాళానికీ గడ్డకీ మధ్య సన్నటి గీత కనిపించింది. గడ్డ దాన్ని పట్టుకోలేదు, నెట్టింది.

మొదటిసారి గుచ్చితే ఒట్టి రక్తం వచ్చింది. సూది గుంటలోకి వెళ్లినట్టుంది. గట్టి భాగంలో గుచ్చాలి. గట్టి భాగం రక్తనాళం వైపే ఉంది.

రెండోసారి సూది గోడ దాటుతుండగా దూరంగా ఏదో పడవ వెళ్లింది. దాని అల స్తంభాలను తాకి మా కిందికి వచ్చింది. తెర మీద సూది కొస నాళం వైపు జరిగింది. వేళ్లు బిగించి పట్టుకున్నాను. లోపలికి నెట్టలేదు, వెనక్కి లాగలేదు. అల పోయింది. కొస మళ్లీ గడ్డ ఎదురుగా వచ్చింది. అప్పుడు గుచ్చాను. లోపలే పైకీ కిందికీ కదిపి వెనక్కి తీశాను.

గాజు పలక మీద పడిన చుక్కలో ఇసుక రేణువుల్లా ఏవో ఉన్నాయి. త్వరగా రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. కణాలున్నాయి. చాలా ఉన్నాయి. అదేమిటో చెప్పేంత సేపు చూడలేదు. రెండో సూదితో మరోసారి తీసి, ఆ ముక్కను మెట్టకు పంపడానికి సీసాలో వేశాను.

ఎస్తేరు మెలకువ వచ్చి, “అయిపోయిందా?” అంది. తర్వాత, “వీపులోకి పోటు పొడుస్తందండి,” అంది.

శుక్రవారం

ఇవాళ తెల్లవారుతూనే ఎస్తేరు రెండుసార్లు వాంతి చేసుకుంది. కడుపు నొప్పి వీపులోకి వెళ్తోంది. రక్త పరీక్షలో క్లోమం వాచినట్టు తేలింది. నేను భయపడిందే జరిగింది. నోటికి ఏమీ ఇవ్వకుండా సెలైన్ ఎక్కిస్తున్నాం.

సుగుణమ్మ నన్ను వరండాలో పట్టుకుంది. గొంతు పెంచలేదు. “మీ మాట నమ్మి నా బిడ్డ ఒప్పుకుంది. మొన్నటిదాకా అన్నం తిన్న పిల్ల. ఇయ్యాల గుక్కెడు నీళ్లు దిగట్లా.”

“నా సూది వల్లే వాచిందమ్మా,” అన్నాను. “తగ్గుతుందనే అనుకుంటున్నాను.”

“అనుకుంటన్నారు,” అని లోపలికి వెళ్లిపోయింది.

తలుపేసుకుని స్లైడు ముందు కూర్చున్నాను. సన్నటి రక్తనాళాల చుట్టూ కణాలు కొమ్మను పట్టుకున్న ఆకుల్లా గుంపులుగా ఉన్నాయి. కొన్ని కణాల కేంద్రకాల మీద కాఫీ గింజకున్నట్టు మధ్యలో గీత ఉంది. విపరీతంగా ఎదిగిన, వంకరలు పోయిన కణాలు ఒక్కటీ కనబడలేదు. నా అనుమానానికి ఇవన్నీ సాక్ష్యాలే. అయినా ఇంకో రకం గడ్డ ఉంది, హార్మోన్లు చేసే కణాల్లో పుట్టేది. పైపైన చూస్తే అది కూడా ఇలాగే ఉంటుంది. తేడా తేల్చడానికి ప్రత్యేకమైన రంగు పరీక్ష చెయ్యాలి. ఆ మందు ఇక్కడ లేదు.

మధ్యాహ్నానికి మబ్బులు కమ్మాయి. సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. స్లైడు ఫొటోలు ఒక్కొక్కటే భూమారెడ్డికి చేరాయి.

“నాకైతే నీ మాటే నిజమనిపిస్తుంది అక్కా. గని నాకు స్లైడ్లు సదువుడు అంతగ రాదు. ఆ రంగు పరీక్ష ఇక్కడి ల్యాబ్‌ల చేపిస్త. పిల్లను, ముక్కను ఒకే పడవల పంపు.”

“పిల్ల వాపుతో ఉంది. సముద్రం బాగాలేదు.”

“పంపకుంటే?”

అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

“సంతకం నీ పేరు మీదుంటది,” అన్నాడు. “తప్పైతే ఒక పడక ఉత్తగ వోయినట్టు. నీ లైసెన్స్ గూడ వోతది.”

దర్పణం తీర్పు కింద ఖాళీ గడి ఉంటుంది. ఇన్నేళ్లలో అందులో ఏదైనా రాసినవాళ్లెవరో నాకు తెలియదు. “నేను ఒప్పుకోవడం లేదు” అని రాసి, కారణాలు రాసి, వకుళ అని సంతకం పెట్టాను. తర్వాత మళ్లీ స్లైడు చూశాను. సంతకం పెట్టాక అవే కణాలు నాకు మరో గడ్డలా కనిపించడం మొదలెట్టాయి. మైక్రోస్కోపు దీపం ఆర్పేసి ఎస్తేరు దగ్గరికి వెళ్లి కూర్చున్నాను.

శనివారం

వాంతులు ఆగాయి. నొప్పి సగమైంది. జ్వరం లేదు. పడవ రేవులో ఊగుతోంది. మెట్టవైపు ఆకాశం సీసం రంగులో ఉంది.

వైద్యం పుస్తకాల ప్రకారం వాపు పూర్తిగా తగ్గేదాకా కదిలించకూడదు. కదిలించకపోతే పడవ లేదు. ఎస్తేరు వెళ్తానంది. ఈసారి మాత్రం వాళ్లమ్మ ఒప్పుకోకుండా పంపడానికి నాకు మనసు రాలేదు.

సుగుణమ్మ కూతురి జడ అల్లుతోంది. తల ఎత్తకుండానే అడిగింది. “మీ కూతురైతే పంపుతారా డాక్టరమ్మా?”

“పంపుతాను. భయపడుతూనే పంపుతాను.”

జడ చివర రిబ్బను ముడి వేసింది. ముడి సరిగా పడలేదు. విప్పి మళ్లీ వేసింది. “నా బట్టలు కూడా సర్దమని యాకూబ్ బాబుకి చెప్పండి,” అంది.

యాకూబ్ సెలైన్ సీసాలతో వాళ్ల వెంట వెళ్లాడు. ముక్క ఉన్న సీసాను చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. పడవ కనుమరుగయ్యే దాకా నిలబడి, వచ్చి పంటు గొలుసులన్నీ రెండు వరసలు కట్టించాను.

తుఫాను రోజులు

సిగ్నల్ లేదు. రోజులు వేరు వేరుగా రాయడానికి ఏమీ లేదు. నీళ్లు తోడుతున్నాం. ఇద్దరికి తలలు పగిలాయి, ఒక కాన్పు అయింది, ఆడపిల్ల. అందరికీ వైద్యం చేశాను. కానీ నా బుర్రలో సగం ఆ పడవలోనే ఉంది. పడవ చేరిందో లేదో తెలియదు. చేరితే దారిలో గడ్డ పగిలిందేమో తెలియదు. రంగు పరీక్షలో నేను చెప్పింది కాదని తేలిందేమో తెలియదు.

స్లైడు ఒకటి నా దగ్గరే ఉంచుకున్నాను. దాన్ని చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. రోజూ చూస్తూనే ఉన్నాను.

గాలి తగ్గిన రోజు

మధ్యాహ్నం రేడియో గరగరలాడింది. ముందు యాకూబ్ గొంతు వినిపించింది. “మేడమ్, చేరాం,” అన్నాడు. అది ఎప్పుడో చేరిన రోజు చెప్పాల్సిన మాట. తర్వాత భూమారెడ్డి అందుకున్నాడు.

“అక్కా, రంగు వట్టింది. నువ్వు చెప్పిందే. వాపు తగ్గేదాంక ఆగి, మొన్న కోసిన. గడ్డ తొక్కతోటి మొత్తం వచ్చింది. క్లోమం తోక, ప్లీహం తీసేసినం. నాళం సక్కగున్నది. పిల్ల నిన్న గంజి తాగింది.”

“కుట్లు ఎలా ఉన్నాయి?” అన్నాను.

“మంచిగున్నయ్. అక్కా, ఏడుస్తున్నవా?”

“లేదు,” అన్నాను.

ఆ తర్వాత సుగుణమ్మ మైకు దగ్గరికి వచ్చింది. “డాక్టరమ్మా, కేకలేయకుండా అడిగానని కోపం లేదనుకునేరు. శానా కోపమొచ్చింది మీ మీద,” అంది. “ఇప్పుడు లేదు.”

నెల తర్వాత

ఎస్తేరు ఇంటికి వచ్చింది. నాచు తాళ్లు లాగొద్దన్నాను. కూర్చుని ముళ్లు వేసే పని చేసుకుంటోంది. సన్నబడింది. ప్లీహం తీసేసినవాళ్లకు తప్పని టీకాలు వేయించుకోవడానికి వచ్చినప్పుడు మచ్చ చూపించి, “పెద్దదే పెట్టాడు మీ తమ్ముడు,” అంది.

భూమారెడ్డి ఊరుకోలేదు. తీరం పొడుగునా ఇదే కోడుతో నొప్పి మందుల మీద ఉన్నవాళ్లలో వయసులో చిన్నవాళ్లను వెతికించి నా దగ్గరికి పంపుతున్నాడు. మెట్ట నుంచి కొత్త సూదులు వచ్చాయి. దర్పణం మాత్రం మారలేదు. మారుస్తామంటున్నారు.

వాళ్లలో మొదట వచ్చింది కోటీశ్వరం. సముద్రపు నీళ్లలోంచి ఉప్పు తీసే మరల దగ్గర పనిచేస్తాడు, ఇరవయ్యారేళ్లు. భార్యకు నెలలు నిండుతున్నాయి. ఎస్తేరు సంగతి అతనికి ముందే తెలుసు. పంటును ఫ్లైఓవర్ కిందికి లాగుతున్నంతసేపూ దాని గురించే అడిగాడు. ఎస్తేరుకొచ్చిన గడ్డ మగవాళ్లకు రావడం మరీ అరుదు, పైగా అతని గడ్డకు అంచు సరిగా లేదు. బొమ్మ చూసినప్పుడే నాకు ఆశ తగ్గింది. అయినా గుచ్చాను. ముక్క మొదటిసారికే వచ్చింది.

స్లైడులో అనుమానానికి చోటే లేదు. దర్పణం చెప్పిందే నిజం. రంగు పరీక్షకు పంపాను. అది కూడా అదే మాట చెప్పింది.

ఇవాళ పొద్దున అతన్ని కూర్చోబెట్టి చెప్పాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక రెండు మాటలు తడబడ్డాను. అతను నేల చూస్తూ విన్నాడు.

“ఎస్తేరు లాంటిది కాదా అయితే?”

“కాదయ్యా.”

“ఇంకోసారి గుచ్చితే?”

“ఇదే వస్తుంది. అనుమానం ఉంటే గుచ్చేదాన్నే.”

తల ఊపాడు. బయట వాళ్లావిడ ఎవరితోనో మాట్లాడుతున్న చప్పుడు వినిపిస్తోంది. అతను లేస్తాడనుకున్నాను. లేవలేదు. కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకున్నాడు.

“మిషను చెప్పిననాడు కాయితం చేతిలో పెట్టి పంపేశారండి. ఏమన్నా అడుగుదామంటే ఎవురూ లేరు,” అన్నాడు. “మీరు చూశారుగా, మిమ్మల్ని అడుగుతా. బిడ్డ పుట్టేదాకా ఉంటానా?”

“ఉంటావు.”

“పని చేసుకోగలనా?”

“ఇంకొన్నాళ్లు. ఉప్పు మోతలు వద్దు.”

“నొప్పి ఎక్కువైతే?”

దానికి ఏమేం ఇస్తామో, ఏ మందు ఎలా పనిచేస్తుందో చెప్పాను. ఇంకా చాలా అడిగాడు. తెలిసినవి చెప్పాను. తెలియనివి తెలియవని చెప్పాను. మా ఆవిడకి ఈ మాట నేనే చెప్పుకుంటానన్నాడు, మీరు పక్కన కూర్చోండి చాలన్నాడు.

నేను వెళ్లి తలుపు తీసి ఆమెను లోపలికి పిలిచాను. బెంచీ మీద ఇంకా ఇద్దరు కూర్చుని ఉన్నారు. కాసేపు ఆగమని వాళ్లకు చెప్పి, తలుపు మూసి, అతని పక్కన కూర్చున్నాను.